అమ్మలు కాపలా కాసిన బడి

చేతుల్లో టోపీ పిన్నులు, అప్పడాల కర్రలు. గుమ్మం ముందు పోలీసులు. వెనక తరగతి గదిలో పాఠం వింటున్న పిల్లలు! అమ్మభాషలో సర్కారు బడి కోసం కెనడాలోని ఫ్రెంచి కుటుంబాలు వందేళ్లకు పైగా సాగించిన పోరాటం ఇది.

1916 జనవరి. కెనడా రాజధాని ఒట్టావా. గడ్డకట్టించే చలి.

ముర్రే వీధిలోని గీగ్ బడి ముందు ఆడవాళ్లు గుంపుగా నిలబడ్డారు. అందరూ ఆ బడిలో చదివే పిల్లల తల్లులే. ఇంట్లో పనులు వదిలేసి, చేతికందింది పట్టుకుని వచ్చేశారు. ఒకరి చేతిలో కత్తెర, ఇంకొకరి చేతిలో పెనం, మరొకరి దగ్గర అప్పడాల కర్ర. ఏమీ లేనివాళ్లు టోపీ పిన్ను తీశారు. ఆ రోజుల్లో ఆడవాళ్లు పెద్ద పెద్ద టోపీలు పెట్టుకునేవారు. అవి గాలికి ఎగిరిపోకుండా జుట్టులోకి గుచ్చే పొడవాటి ఉక్కు సూది అది. పొడిస్తే ఏమవుతుందో పోలీసులకూ తెలుసు!

ఇంతకీ లోపల ఎవరున్నారు? దొంగలూ కాదు, విప్లవకారులూ కాదు. ఇద్దరు టీచరమ్మలు... డియాన్ డెలోజ్, బెయాట్రిస్ డెలోజ్. అక్కాచెల్లెళ్లు. వాళ్లు చేసిన నేరం పిల్లలకు ఫ్రెంచిలో పాఠాలు చెప్పడం.

పోలీసులు లోపలికి వెళ్లబోయారు. తల్లులు కదల్లేదు. తోపులాట జరిగింది. చివరికి వెనక్కి తగ్గింది పోలీసులే. ఆ రోజు నుంచి తల్లులు వంతులు వేసుకుని బడికి కాపలా కాశారు. కెనడా చరిత్రలో ఇది ‘టోపీ పిన్నుల యుద్ధం’గా నిలిచిపోయింది.

పదిహేడో నంబరు హుకుం

కెనడాలో ఫ్రెంచి అనగానే అందరికీ క్విబెక్ రాష్ట్రం గుర్తొస్తుంది. అక్కడ వాళ్లదే మెజారిటీ. కానీ క్విబెక్ సరిహద్దు దాటితే పరిస్థితి వేరు. పక్కనే ఉన్న అంటారియో రాష్ట్రంలో రాజ్యం ఇంగ్లిషుది. ఫ్రెంచివాళ్లు మైనారిటీ. అడవుల్లో కలప కొట్టడానికి, గనుల్లో పనికి, సాగుభూమి కోసం క్విబెక్ నుంచి కుటుంబాలు తరలిరావడంతో 1910 నాటికి అంటారియోలో ఫ్రెంచివాళ్ల సంఖ్య సుమారు రెండు లక్షలకు చేరింది. ఊరు పెరిగితే చర్చి వచ్చింది. చర్చి పక్కన బడి వచ్చింది. ఆ బడిలో పాఠాలు ఫ్రెంచిలో నడిచాయి.

ఇంగ్లిషువాళ్లకు ఇది కంటగింపుగా మారింది. ‘మన రాష్ట్రం క్విబెక్ అయిపోతుందేమో’ అన్న భయం పట్టుకుంది. ప్రొటెస్టెంట్ల ఆరెంజ్ సంఘం గట్టిగా ఒత్తిడి తెచ్చింది. వాళ్లు వ్యతిరేకించడంలో ఆశ్చర్యం లేదు. అసలు దెబ్బ సొంత మతంవాళ్ల నుంచి తగిలింది. ఐర్లండ్ మూలాలున్న ఇంగ్లిషు కేథలిక్కులు కూడా ఫ్రెంచి బడులకు ఎదురు తిరిగారు. లండన్ పట్టణ బిషప్ మైకేల్ ఫాలన్ వాళ్లలో ముందున్నారు (ఇది అంటారియోలోని లండన్ లెండి, ఇంగ్లండ్‌ది కాదు). ఒకే చర్చిలో మోకరిల్లేవాళ్లు బడి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి రెండు వర్గాలయ్యారు!

ప్రభుత్వం ఎఫ్.డబ్ల్యూ. మర్చంట్ అనే విద్యాధికారితో విచారణ జరిపించింది. చాలా ఫ్రెంచి బడుల్లో ఇంగ్లిషు బోధన నాసిగా ఉందనీ, శిక్షణ లేని టీచర్లు ఎక్కువనీ ఆయన తేల్చారు. అందులో నిజం లేకపోలేదు. టీచర్లకు మంచి శిక్షణ ఇప్పిస్తే సరిపోయేది. కానీ ప్రభుత్వం వేరే దారి పట్టింది. 1912 జూన్‌లో ‘పదిహేడో నంబరు నిబంధన’ తెచ్చింది. బడిలో మొదటి రెండేళ్లు మాత్రమే ఫ్రెంచిలో బోధన, ఆ తర్వాత అన్నీ ఇంగ్లిషులోనే... స్థూలంగా ఇదీ దాని సారాంశం. గొడవలు పెరగడంతో మరుసటి ఏడాది కాస్త సడలించి, రోజుకో గంట ఫ్రెంచిని ఒక సబ్జెక్టుగా చెప్పుకోవచ్చన్నారు.

అమ్మభాషకు రోజుకో గంట!

ఇన్‌స్పెక్టరు వస్తే బడి ఖాళీ

ఫ్రెంచివాళ్లు ఊరుకోలేదు. 1913 మార్చిలో ఒట్టావాలో ‘ల ద్రువా’ అనే పత్రిక పెట్టారు. ఆ మాటకు ‘హక్కు’ అని అర్థం. ఒట్టావా కేథలిక్ బడుల బోర్డుకు అధ్యక్షుడు సామ్యుయెల్ జెనె. ఆయన నిబంధనను అమలు చేయబోమని మొండికేశారు. ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు తరగతిలో అడుగుపెట్టగానే పిల్లలు లేచి, వరుసగా బయటికి నడిచిపోయేవారు. ఖాళీ బల్లలను తనిఖీ చేసి ఆయన వెళ్లిపోవాల్సిందే!

ప్రభుత్వం నిధులు ఆపింది. టీచర్ల జీతాలు ఆగిపోయాయి. 1915లో ఎన్నికైన బోర్డును పక్కకు తప్పించి తన సొంత కమిషన్‌ను కూర్చోబెట్టింది. గీగ్ బడి నుంచి డెలోజ్ అక్కాచెల్లెళ్లను పంపేసి, వేరే టీచర్లను పెట్టింది. అప్పుడు జరిగింది అసలైన తమాషా. టీచరమ్మలు వెళ్లిపోతే, వాళ్ల వెనకే పిల్లలూ వెళ్లిపోయారు. దగ్గర్లో వేరే చోట పాఠాలు మొదలయ్యాయి. కొత్త టీచర్ల ముందు ఖాళీ గదులు మిగిలాయి. కొన్ని నెలలు అలా గడిచాక, 1916 జనవరి మొదటి వారంలో తల్లులు ఆ ఇద్దరినీ వెంటబెట్టుకుని వచ్చి తిరిగి పాత గదుల్లో కూర్చోబెట్టారు. మొదట్లో చెప్పుకున్న దృశ్యం అదే.

అది మొదటి ప్రపంచయుద్ధ కాలం. కెనడా కుర్రాళ్లు సముద్రాలు దాటి వెళ్లి ఫ్రాన్స్ నేల మీద ప్రాణాలిస్తున్నారు. ఇక్కడేమో ఫ్రెంచి పలికినందుకు టీచర్ల ఉద్యోగాలు ఊడుతున్నాయి. ‘మాకు మా ఇంట్లోనే న్యాయం లేదు, ఎక్కడో యుద్ధానికి ఎందుకు వెళ్లాలి?’ అన్న ప్రశ్న క్విబెక్ అంతటా మారుమోగింది. మరుసటి ఏడాది నిర్బంధ సైనిక సేవ మీద దేశం రెండుగా చీలిపోవడానికి ఈ బడుల గొడవా ఒక కారణమే.

వ్యవహారం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ఈసారి నిజంగా ఇంగ్లండ్‌లోని లండనే! 1916లో తీర్పు వచ్చింది. కెనడా రాజ్యాంగం బడుల విషయంలో రక్షణ ఇచ్చింది మతానికే తప్ప భాషకు కాదని న్యాయమూర్తులు తేల్చేశారు. కేథలిక్‌గా చదువుకునే హక్కు ఉంది, ఫ్రెంచిలో చదువుకునే హక్కు లేదు! చట్టం చేతిలో ఓడిపోయినా తల్లిదండ్రులు ఆగలేదు. 1923లో పెంబ్రోక్ పట్టణంలో జాన్ లజ్వా అనే యువ టీచరు సొంతంగా ఫ్రెంచి బడి నడిపింది. అలా పదిహేనేళ్లు నలిగాక, 1927లో ప్రభుత్వం మెట్టు దిగింది. నిబంధన అమలును ఆపేసింది. 1944లో అది పుస్తకాల్లోంచి కూడా పోయింది.

ఎనిమిది దాకా ఫ్రెంచి... ఆ తర్వాత?

గెలిచారు కదా, కథ కంచికి చేరినట్టేనా? లేదు.

చిన్న తరగతులు ఫ్రెంచిలో నడిచాయి. కానీ 1960ల దాకా అంటారియోలో సర్కారు హైస్కూలంటే ఇంగ్లిషుదే. ఫ్రెంచిలో పైచదువు కావాలంటే ఫీజు కట్టి చర్చి కాలేజీలకు వెళ్లాలి. గని కార్మికుడి కొడుక్కి, కలప మిల్లు కూలీ కూతురికి ఆ స్తోమతు ఎక్కడిది? ఇంగ్లిషు హైస్కూల్లో నెగ్గుకురాలేక ఎందరో మధ్యలోనే చదువు మానేశారు. ఫ్రెంచివాళ్లు పెద్ద ఉద్యోగాల్లో కనిపించకపోవడానికి ఒక కారణం అదే. బడి భాష కడుపు కూడుతో ముడిపడి ఉంటుందని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

1968లో జాన్ రోబార్ట్స్ ప్రభుత్వం ఫ్రెంచి సర్కారు హైస్కూళ్లకు చట్టం చేసింది. కానీ బడి పెట్టాలా వద్దా అన్నది తేల్చేది స్థానిక బోర్డు. బోర్డులో మెజారిటీ ఇంగ్లిషువాళ్లు! స్టర్జన్ ఫాల్స్‌లో 1971లో పిల్లలు బడి బహిష్కరించి రోడ్డెక్కాక గానీ ఫ్రెంచి హైస్కూలు రాలేదు. పెనెటాంగ్విషీన్ అనే చిన్న పట్టణంలో 1979లో ఇంకో అడుగు ముందుకేశారు. బోర్డు ఒప్పుకోకపోతే తల్లిదండ్రులే బడి తెరిచేశారు. దానికి జనం పెట్టుకున్న పేరు ‘ప్రతిఘటన బడి’. ఆ తర్వాత ప్రభుత్వం దిగివచ్చి అక్కడ ఫ్రెంచి హైస్కూలు కట్టించక తప్పలేదు.

ఊరూరా ఇదే వరస. ప్రతి బడికీ ఒక ఉద్యమం. ఇలా ఎంతకాలం?

ఇరవై మూడో సెక్షన్

దీనికి జవాబు 1982లో దొరికింది. ఆ ఏడాది కెనడా తన రాజ్యాంగంలో హక్కుల పత్రాన్ని చేర్చుకుంది. అందులో ఇరవై మూడో సెక్షన్ మైనారిటీ భాష బడుల గురించే. ‘సంఖ్య సరిపడా ఉన్నచోట’ మైనారిటీ భాషలో ప్రభుత్వ ఖర్చుతో బడి పెట్టి తీరాలంది. బతిమాలుకుంటే దక్కే బడి హక్కుగా మారిపోయింది.

కాగితం మీద హక్కు ఉంటే చాలదుగా! దాన్ని తేల్చింది ఆల్బర్టా రాష్ట్రం ఎడ్మంటన్‌కు చెందిన ముగ్గురు తల్లిదండ్రులు. జాన్ క్లోడ్ మాహే, ఆంజెలిన్ మార్టెల్, పాల్ డ్యూబే. (మన పుదుచ్చేరి మాహేకీ ఈయనకీ సంబంధం లేదు!) వాళ్ల వాదన సూటిగా ఉంది. ‘ఫ్రెంచి బడి ఉంటే సరిపోదు. దాన్ని నడిపేది ఇంగ్లిషు బోర్డయితే, అది పేరుకే మా బడి. టీచర్ని ఎవరు ఎంచాలి, డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి, ఏం నేర్పాలి... ఇవి మా చేతిలో ఉండాలి.’

1990 మార్చిలో కెనడా సుప్రీంకోర్టు వాళ్లకు అనుకూలంగా తీర్పు చెప్పింది. ఇది మెట్లమెట్లుగా పెరిగే హక్కు అని ప్రధాన న్యాయమూర్తి బ్రయాన్ డిక్సన్ వివరించారు. పిల్లలు కొద్దిమందే ఉంటే ఫ్రెంచిలో పాఠాలు. ఇంకాస్త ఉంటే ప్రత్యేకంగా బడి, బోర్డులో ఫ్రెంచి ప్రతినిధులు. బాగా ఉంటే పూర్తిగా సొంత బోర్డే. పైగా ఈ సెక్షన్ ఉద్దేశం ఉన్నదాన్ని కాపాడటం ఒక్కటే కాదు, గతంలో జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడం కూడా అంది కోర్టు. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రంలో ఫ్రెంచి బోర్డులు వచ్చాయి. అంటారియోలో 1998లో పన్నెండు ఏర్పాటయ్యాయి. నాలుగు సర్కారువి, ఎనిమిది కేథలిక్‌వి. అన్నిటికీ నిధులిచ్చేది ప్రభుత్వమే. ఇప్పుడు వాటిలో లక్షకు పైగా పిల్లలు చదువుతున్నారు.

ఎవరికి హక్కు?

క్విబెక్ బయట ఫ్రెంచి బడిలో సీటు హక్కుగా దక్కాలంటే కెనడా పౌరులైన తల్లిదండ్రుల్లో ఒక్కరికైనా ఈ మూడింటిలో ఏదో ఒకటి వర్తించాలి.

ఒకటి: మొదట నేర్చుకున్న భాష, ఇప్పటికీ అర్థమయ్యే భాష ఫ్రెంచి అయి ఉండాలి.

రెండు: తాము ప్రాథమిక విద్య కెనడాలో ఫ్రెంచిలో చదివి ఉండాలి.

మూడు: తమ పిల్లల్లో ఎవరో ఒకరు కెనడాలో ఫ్రెంచిలో చదివి ఉండాలి, లేదా చదువుతూ ఉండాలి.

హక్కు పిల్లలది కాదు, తల్లిదండ్రులది. దీనిలోనే ఒక మెలిక ఉంది. ఒక తరం భాష మరిచిపోయి ఇంగ్లిషు బడికి వెళ్లిందంటే, తర్వాతి తరానికి ఆ హక్కే తెగిపోవచ్చు!

ముందు గుడ్డా... కోడా?

‘సంఖ్య సరిపడా ఉన్నచోట’ అన్నారు కదా. ఆ సంఖ్యను ఎలా లెక్కపెట్టాలి? అధికారులు అనే మాట ఒకటే. ‘చేరతామన్నవాళ్లు పదిమందే ఉన్నారు, బడి ఎందుకు?’ తల్లిదండ్రుల జవాబూ ఒకటే. ‘బడే లేకపోతే చేరతామని ఎవరంటారు?’

ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్‌లోని సమర్‌సైడ్ పట్టణంలో ఇదే పేచీ వచ్చింది. అక్కడి పిల్లల్ని బస్సులో ఎక్కించి వేరే ఊళ్లోని ఫ్రెంచి బడికి పంపుతామంది ప్రభుత్వం. వెళ్లడానికి గంటసేపు, రావడానికి గంటసేపు. నొయెల్లా ఆర్సెనో కామెరన్ అనే తల్లి ముందుండి కోర్టుకెక్కారు. ఇప్పుడు అడుగుతున్నవాళ్లనే కాదు, బడి పెడితే రాగలవాళ్లనూ లెక్కేయాలని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ లెక్కన సమర్‌సైడ్‌లో సంఖ్య 49కీ 155కీ మధ్య ఉంది. బడి అక్కడే పెట్టాలంది. చిన్నపిల్లల్ని రోజూ అంతదూరం తిప్పితే తల్లిదండ్రులు విసిగి ఇంగ్లిషు బడిలో వేసేస్తారని న్యాయమూర్తులు గుర్తించారు. భాష చచ్చిపోవడానికి నిషేధాలే అక్కర్లేదు, బస్సు ప్రయాణం చాలు!

వాంకూవర్‌లోని ‘రోజ్ దె వాన్’ బడిది ఇంకో బాధ. బడి ఉంది, కానీ కిక్కిరిసి ఉంది. కిటికీల్లేని గదులు, చాలీచాలని మరుగుదొడ్లు, పేరుకో గ్రంథాలయం. పక్కనున్న ఇంగ్లిషు బడులు విశాలంగా ఉంటే బిడ్డను ఇక్కడెందుకు వేస్తారు? ఫ్రెంచి బడి ఇంగ్లిషు బడికి దీటుగా ఉండాల్సిందేనని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలు తక్కువమంది ఉన్న చిన్న బడికీ ఈ కొలత వర్తిస్తుందని 2020లో బ్రిటిష్ కొలంబియా కేసులో మరింత గట్టిగా చెప్పింది. ఆ కేసు నడిచింది పదేళ్లు. వేసిన రోజున ఒకటో తరగతిలో ఉన్న పాప తీర్పు వచ్చేనాటికి హైస్కూల్లో ఉంటుంది!

ఇందులో ఒక వింత కూడా ఉంది. ఈ కేసుల్లో ఫ్రెంచివాళ్లకు క్విబెక్ అండగా నిలబడుతుందనుకుంటాం. కానీ 2015లో యూకాన్ కేసులో క్విబెక్ ప్రభుత్వం వాదించింది ఫ్రెంచి బోర్డుకు వ్యతిరేకంగా. కారణం? క్విబెక్‌లో మైనారిటీ ఇంగ్లిషువాళ్లు. బయట ఫ్రెంచివాళ్లకు ఏ హక్కు దక్కితే, అదే హక్కు తమ రాష్ట్రంలో ఇంగ్లిషువాళ్లకూ ఇవ్వాల్సి వస్తుందని భయం.

బడి బయట ఇంగ్లిషే

ఈ బడుల్లో రోజంతా ఫ్రెంచే. లెక్కలు, సైన్సు, ఆటలు, టీచరుతో మాటలు అన్నీ. అంటారియోలో నాలుగో తరగతి నుంచి ఇంగ్లిషును ఒక సబ్జెక్టుగా చెబుతారు. దాంతో ఇంగ్లిషు రాకుండా పోతుందన్న భయం లేదు. చుట్టూ ఉన్నదంతా ఇంగ్లిషే మరి! టీవీలో, దుకాణంలో, ఫోనులో... చివరికి బడి వరండాల్లో కూడా. తరగతిలో ఫ్రెంచి, గంట కొట్టగానే ఇంగ్లిషు. ఇంట్లో తల్లిదండ్రుల్లో ఒకరు ఇంగ్లిషువాళ్లయితే పిల్లలకు ఫ్రెంచి వినపడేది బడిలోనే. భాషను ఇంటి నుంచి బడికి తీసుకెళ్లిన రోజులు పోయి, బడి నుంచి ఇంటికి తెచ్చుకోవాల్సిన రోజులొచ్చాయి.

2021 జనగణనలో మొదటిసారి ఈ హక్కున్న పిల్లల్ని లెక్కపెట్టారు. క్విబెక్ బయట దాదాపు 5.9 లక్షల మంది తేలారు. బడి వయసున్నవాళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఫ్రెంచి బడి గుమ్మం తొక్కినవాళ్లు సుమారు మూడింట రెండొంతులు. మిగతావాళ్లకు దగ్గర్లో బడి లేదు, లేదా నచ్చలేదు. పైగా ఫ్రెంచిలో చెప్పగల టీచర్ల కొరత. మరోవైపు కాంగో, కామెరూన్, హైతీ, మొరాకోల నుంచి వచ్చిన కుటుంబాలతో తరగతి గదుల రంగు మారింది.

కెనడాలోని తెలుగువాళ్లలో చాలామందికి తెలిసింది ‘ఫ్రెంచి ఇమ్మర్షన్’. అది వేరు, ఇది వేరు. 1965లో క్విబెక్‌లో మొదలైన ఇమ్మర్షన్ తరగతులు ఇంగ్లిషు తదితర భాషల పిల్లలకు ఫ్రెంచి నేర్పేవి. ఫ్రెంచి బడి ఆ భాష సొంతమైనవాళ్లది. హక్కు లేనివాళ్లు అడిగితే ప్రవేశ కమిటీ పరిశీలిస్తుంది.

మనకూ తెలిసిన గొడవే

ఇదంతా చదువుతుంటే హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగువాళ్లకు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు ఏ గీత ఎక్కడ గీసినా కొందరు అవతల మిగిలిపోయారు. వాళ్లకోసమే 1956లో మన రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో అమ్మభాషలో చదువు చెప్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని అది చెబుతుంది. ‘ప్రయత్నించాలి’... ఆ ఒక్క మాటలోనే తేడా ఉంది. సొంతంగా విద్యాసంస్థలు పెట్టి నడుపుకునే హక్కు 30వ అధికరణం ఇచ్చింది గానీ, ‘మా బడి మీరే కట్టించండి, నడపడం మాకు వదలండి’ అని ప్రభుత్వాన్ని నిలదీసే హక్కు కెనడావాళ్లకు ఉన్నంత సూటిగా మనకు లేదు. 2006లో తమిళనాడు బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక, తెలుగు మీడియం పిల్లల పదో తరగతి పరీక్ష ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది.

హక్కు ఉన్నచోట కూడా నిద్రపోతే కుదరదని అంటారియో చెబుతోంది. 2016 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి క్యాథలిన్ విన్ పదిహేడో నిబంధనకు శాసనసభలో క్షమాపణ చెప్పారు. నూరేళ్ల గాయానికి మందు రాశారనుకున్నారంతా. రెండేళ్లు తిరిగాయో లేదో, 2018 నవంబరులో కొత్త ప్రభుత్వం ఫ్రెంచి సేవల కమిషనర్ కార్యాలయాన్ని ఎత్తేస్తామని, ఫ్రెంచి విశ్వవిద్యాలయం ప్రతిపాదనను పక్కన పెడుతున్నామని ప్రకటించింది. డిసెంబరు 1న ఆకుపచ్చ, తెలుపు జెండాలతో రాష్ట్రమంతటా వేలమంది వీధుల్లోకి వచ్చారు. ఆ విశ్వవిద్యాలయం 2021లో టొరంటోలో తలుపులు తెరిచింది.

గీగ్ బడి ఇప్పుడు బడి కాదు. 1979లో మూతపడింది. కానీ ఆ భవనాన్ని కూల్చనివ్వలేదు. బాగుచేసి నిలబెట్టుకున్నారు. ఒట్టావాలోని ఒక ఫ్రెంచి హైస్కూలుకు సామ్యుయెల్ జెనె పేరు పెట్టారు. శివారులోని ఇంకో ఫ్రెంచి హైస్కూలు బోర్డు మీద ఒక టీచరమ్మ పేరుంది.

ఆ పేరు బెయాట్రిస్ డెలోజ్. పోలీసులు బయటికి లాగాలనుకున్న ఆ టీచరమ్మ పేరు మీదే ఇవాళ బడి గంట మోగుతోంది. ఆమె కోసం చలిలో నిలబడ్డ తల్లుల్లో చాలామంది పేర్లు మాత్రం ఏ బోర్డు మీదా లేవు. ఆ గంట వాళ్లదే!